హంగేరీ ఆయన ఊరు

జూన్ 9, సోమవారం

హైదరాబాద్ సదస్సు వాళ్లు మా వ్యాసాన్ని తీసుకున్నారు. మెయిల్ చూడగానే లేచి మల్లీశ్వరి కోసం వెతికాను. కాలేజీ వెనక నల్లా దగ్గర టిఫిన్ డబ్బా కడుక్కుంటోంది.

"ఇద్దరి పేర్లు ఉన్నయా అక్కా?" అని మొదట అదే అడిగింది.

ఉన్నాయన్నాను. ఫోన్ తీసుకుని తనే చూసింది. ఆమె పేరు మల్లేశ్వరి అని పడింది.

"దిద్దమని రాయి. ఇది ఇంకెవరో."

సాయంత్రం రాశాను. దిద్దుతామన్నారు.

వ్యాసం ఆ ఇద్దరి గురించే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో కలిసి సినిమాలు తీసిన జంట. ఒకాయన కెంట్ ప్రాంతంలో పుట్టి పెరిగిన ఇంగ్లీషువాడు, కెమెరా దగ్గర నిలబడేది ఆయన. రెండో ఆయన హంగేరీలో పుట్టిన యూదుడు. బెర్లిన్, పారిస్ దాటుకుంటూ లండన్ చేరాడు. కథలు రాసేది ఈయన. ఇంగ్లీషు పెద్దయ్యాక నేర్చుకున్న భాష. రచన, నిర్మాణం, దర్శకత్వం అని వేసి దాని కింద ఇద్దరి పేర్లూ కలిపి వేసుకునేవారు. ఇది నాది, అది నీది అన్న లెక్క తెర మీద ఉండేది కాదు. మల్లీశ్వరీ నేనూ వాళ్లను పేర్లతో పిలవడం ఎప్పుడో మానేశాం. ఇంగ్లీషాయన, హంగేరీ ఆయన. పక్క వీధి వాళ్ల గురించి మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

నేను ఇంగ్లీషు చెబుతాను, ఆమె చరిత్ర చెబుతుంది. వ్యాసంలో వాక్యాలు నావి. అందులో ఉన్న చూపులో సగం పైన ఆమెది.

జూన్ 12

వాన. కరెంటు లేదు. పిల్లలు కిటికీల దగ్గర కూర్చుని నోట్సు రాసుకున్నారు.

జూన్ 14, శనివారం

కరస్పాండెంట్ ఈరయ్య సార్ గదిలో మీటింగ్. ప్రిన్సిపాల్, నేను, ఆయన. సీనియర్‌నని నన్నూ పిలిచారు, అంతే.

మా నారాయణఖేడ్ యువకులు కొందరు వచ్చి అడిగి వెళ్లారట, మన కాలేజీలో మన పిల్లలకు ఉద్యోగాలు ఎందుకు లేవని. చరిత్రకు ఈసారి మల్లీశ్వరి బదులు వీరేశ్‌ను తీసుకుందామని ఈరయ్య సార్ అనుకుంటున్నారు. వీరేశ్‌ది ఇక్కడే, సిర్గాపూర్. నా దగ్గరే డిగ్రీ చదివాడు. మంచి పిల్లవాడు, బాగా చదివాడు కూడా. మల్లీశ్వరిది సరిహద్దు అవతల, కర్ణాటక. నాగేశ్‌ను పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చింది. మా కాలేజీలో చేరినప్పుడు వాళ్ల పాప చంకలో ఉండేది. ఇప్పుడు తొమ్మిదో తరగతి.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్లు ముందే అనుకున్న మాట అది.

లేచి వస్తుంటే ఈరయ్య సార్ సదస్సు సంగతి అడిగారు. "ఇంగ్లీషోళ్ల సినిమాల మీద మీరు గాకుంటే ఎవరు రాస్తరు మేడం. మీ వాళ్లే గద," అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఏమీ మనసులో పెట్టుకుని అనలేదు. మెథడిస్టు క్రైస్తవుల ఇంటి పిల్లకు ఈ మాట కొత్త కాదు. ఏమీ అనిపించలేదు.

జూన్ 15

చర్చిలో పాట మధ్యలో ఎక్కడ ఉన్నానో మర్చిపోయాను. అమ్మ మోచేత్తో పొడిచింది.

జూన్ 17

మల్లీశ్వరికి చెప్పాలి. ప్రిన్సిపాల్ చెబుతానన్నారు. ఆయన చెప్పాల్సిన మాట నేను ముందు చెబితే బాగుండదు.

జూన్ 22, ఆదివారం

చర్చి ఆరాధన అయ్యాక మల్లీశ్వరి మా ఇంటికి వచ్చింది. వ్యాసం కోసం సన్యాసినుల సినిమా మళ్లీ చూడాలి. అమ్మ కూడా వచ్చి కుర్చీ జరుపుకుని కూర్చుంది. ల్యాప్‌టాప్ బియ్యం డబ్బా మీద పెట్టాను.

కథ తేలిక. ఇంగ్లీషు క్రైస్తవ సన్యాసినులు కొందరు హిమాలయాల్లో, కొండ అంచున ఉన్న పాత మహల్‌లో బడి, దవాఖాన పెట్టడానికి వెళ్తారు. గాలి వాళ్లను నిలవనివ్వదు. పాత జ్ఞాపకాలు పైకొస్తాయి. మనుషులు చెదిరిపోతారు. చివరికి వానలు మొదలవుతుంటే అందరూ దిగి వెళ్లిపోతారు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడే ఆ సినిమా వచ్చింది. ఇంగ్లండ్ మన దేశాన్ని వదిలిపెట్టడం ఎలా ఉంటుందో తనకు తెలియకుండానే ఆ సినిమాలో చెప్పుకుందని మా వ్యాసంలో ఒక పేరా.

అమ్మకు ఇంగ్లీషు రాదు. మల్లీశ్వరి పక్కన కూర్చుని కథ చెబుతూ వచ్చింది. ఆమె తెలుగులో కన్నడం అక్కడక్కడా తగులుతుంది. అమ్మకు అదేమీ అడ్డం కాలేదు.

"గా కొండలు ఎంత ఎత్తున్నయే," అంది అమ్మ.

"కొండలు గావు పెద్దమ్మ. బొమ్మలు. అంతా ఇంగ్లండ్లనే తీసిండ్రు. అద్దాల మీద రంగులేసి కొండలు చేసిండ్రు."

"మనుషులన్న నిజమేనా?"

"కొందరు నిజమే. కొందరు తెల్లోళ్లే, మొహాలకు రంగు పూసుకొని మనోళ్ల లెక్క చేసిండ్రు."

అమ్మ చాలాసేపు నవ్వింది. "క్రిస్మస్ నాటకంల మన పిలగాండ్లు పౌడర్ కొట్టుకొని రోమా రాజులైతరు గద. గట్లనే."

సినిమా అయిపోయింది. సన్యాసినులు గుర్రాల మీద దిగిపోతున్నారు, వాన చినుకులు ఆకుల మీద పడుతున్నాయి. నేను ప్రతిసారీ వెనక్కి తిప్పి మళ్లీ చూసే చోటు అది. అమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను.

"మరి వాళ్లు పోయినంక దవాఖాన ఎవరు నడిపిండ్రు?" అని అడిగింది.

మల్లీశ్వరీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"అది సినిమాల లేదమ్మా," అన్నాను.

"ఎందుకు లేదు? ఊరోళ్లు ఆడనే ఉన్నరు గద. వాళ్లకు జరం రాదా?" అమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. "మన మిషన్ దవాఖాన గ్రేస్ దొరసానమ్మ ఊరిడిచి పోయిన్నాడు అందరు బస్సు దాక పోయి ఏడ్శిండ్రట. తెల్లారి మీ తాత కాలేబు పోయి దవాఖాన తాళం తీసిండు. గంతే. కాంపౌండరు, డాక్టరు, ఊడ్శెటోడు, అన్నీ ఆయననే. నేను గోళీల పొట్లాలు కట్టేదాన్ని."

మల్లీశ్వరి పెన్ను కోసం వెతికింది. దొరక్క నా ఫోన్‌లోనే రాసుకుంది. ఈ ప్రశ్న వ్యాసంలో ఉండాల్సిందే అంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "వచ్చే నెల పిల్లలకు గూడ ఇది చూపిద్దాం అక్కా. హైదరాబాద్ రాజ్యం పాఠం అయిపోంగనే," అంది.

సరే అన్నాను. చెప్పే సందర్భం రాలేదు. అమ్మ ఉంది.

జూన్ 30, సోమవారం

ప్రిన్సిపాల్ ఈరోజు మల్లీశ్వరికి చెప్పారు. రేపటి నుంచి రానక్కర్లేదు, జూలై వరకు జీతం ఇస్తారట. నేను ఆ సమయంలో క్లాసులో ఉన్నాను. బయటికి వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది. స్టాఫ్‌రూమ్‌లో ఆమె కుర్చీ మీద చేతి దస్తీ మర్చిపోయింది.

జూలై 1

ఫోన్ చేయలేదు. ఆమెకు కాస్త సమయం ఇవ్వడం మంచిది.

జూలై 2

ఆమె కూడా చేయలేదు.

జూలై 4

వ్యాసం తీసి కూర్చున్నాను. రెండో భాగం నాకు చాలా ఇష్టమైన భాగం. ఆ ఇద్దరి పాత సినిమా ఒకటి ఉంది. ఒక ఇంగ్లీషు సైనికాధికారి, ఒక జర్మన్ అధికారి, మొదట కత్తులతో పోట్లాడి తర్వాత ఏళ్లకేళ్లు స్నేహితులుగా ఉంటారు. జర్మనీతో యుద్ధం జరుగుతుండగా తీశారు. మంచి జర్మన్‌ను ఎందుకు చూపిస్తున్నారని ప్రభుత్వానికే కోపం వచ్చింది. అందులో ముసలివాడైన జర్మన్, తన దేశం తనది కాకుండా పోయాక, ఇంగ్లండ్‌లో తలదాచుకోవడానికి వచ్చి అధికారి ముందు కూర్చుంటాడు. ఎందుకొచ్చావని అడుగుతారు. ఆయన తొందరపడకుండా చెబుతాడు. కెమెరా ఆయన మొహం మీద నుంచి కదలదు.

ఆ మాటలు రాసిన హంగేరీ ఆయన కూడా అప్పట్లో కాగితాల ప్రకారం శత్రుదేశస్థుడే. పోలీసులకు లెక్క చెప్పుకోవాలి. కెంట్ పల్లెల మీద ఆయన రాసిన సినిమాను అక్కడ తీస్తున్నప్పుడు, పరాయివాడని ఆయన్ను ఆ చోటికి పోనివ్వలేదని ఎక్కడో చదివాను. మా వ్యాసం చివరి వాక్యం నేను రాసింది: "బయటివాడు కాబట్టే ఆయన ఇంగ్లండ్‌ను ఇంగ్లీషువాళ్లకన్నా బాగా చూడగలిగాడు." ఈ వాక్యం రాసిన రోజు నాకెంతో సంతోషంగా ఉండింది.

ఇవాళ చదివితే బాగానే ఉంది.

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం మల్లీశ్వరి వచ్చింది. నాగేశ్ బండి మీద దింపి, మోటారు రిపేరు ఉందని కల్హేర్ వైపు వెళ్లిపోయాడు. అమ్మ నిద్రపోతోంది. వరండాలో కూర్చున్నాం. నీళ్లిచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టింది.

"నువ్వు గా మీటింగ్ల ఉన్నవట గద."

"ఉన్న."

"నాకు చెప్పలే."

"ఎట్ల చెప్పాల్నో తెల్వలే మల్లీశ్వరి."

"తెలుగుల చెప్తే అయిపోతుండె. నాకు తెలుగొస్తది."

నేను తల దించుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు. పక్కింటి కోళ్లు మా వాకిట్లోకి వచ్చి గీకుతున్నాయి.

"ఈరయ్య సార్ నిన్ను అడిగిండా?"

అడిగారు. ఇప్పటిదాకా ఇక్కడ రాయలేదు. ఈరయ్య సార్ చాయ్ కప్పు కింద పెట్టి, నా వైపు తిరిగి, "మీరేమంటరు మేడం? ఆమె మీ దోస్తు గద," అని అడిగారు. సూటిగా, మర్యాదగానే అడిగారు. జవాబు కోసం ఆగారు కూడా. "మీ ఇష్టం సార్," అన్నాను.

మల్లీశ్వరికి అదే చెప్పాను.

"ఎందుకట్లన్నవ్?"

"ఆమె మా ఊరామె అంటే, మరి నువ్వెవరు అంటడేమో అనిపించింది."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే అది నిజమని నాకు తెలిసింది. ఆమె గ్లాసు పక్కకు జరిపింది.

"మీ తాత కాలేబు ఎప్పుడు పుట్టిండు?"

"నిజాం కాలంల."

"అప్పుడు నారాయణఖేడ్ ఏ జిల్లా?"

నాకు తెలియదు. ఆమె చరిత్ర చెప్పేది, ఆమెకు తెలుసు. "బీదర్. యాభై ఆరుల మెదక్‌ల కలిపిండ్రు. ఇప్పుడు సంగారెడ్డి. మీ తాతది, మా తాతది ఒక్కటే జిల్లా అక్కా. మేం ఎటు పోలే. సరిహద్దు గీతనే ఇటొకసారి అటొకసారి తిరిగింది."

తర్వాత వ్యాసం తెమ్మంది. ఇంక వదిలేస్తుందేమో అనుకున్నాను. వదల్లేదు. చివరి పేజీ తీసి నా వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది తీసెయ్యి."

"గదే మన వ్యాసం గద."

"నీకు పొగిడినట్టు అనిపిస్తుంది. బయటోడు బాగ చూస్తడు, బయటోడు బాగ రాస్తడు. ఆయన ఆడనే ఉన్నడు, ఆడనే పని చేసిండు, ఆ దేశపోడే అయిండు, ఆడనే సచ్చిండు. ఇంక ఎన్నేండ్లుంటే లోపలోడు అయితడు? పొగుడుకుంట గూడ గుమ్మం కాడనే నిలబెడుతున్నవ్."

కాగితం నా వైపు తిప్పుకున్నాను. "మరి ఏమని రాద్దాం?" అన్నాను.

"నాకు తెల్వదు. రాసేటిది నువ్వు గద."

అమ్మ లేచి వచ్చి, మల్లీశ్వరిని చూసి, అన్నం తిన్నావా అని అడిగింది. తినలేదని చెప్పింది. అమ్మ లోపలికి వెళ్లి పప్పు వేడి చేసింది. ముగ్గురం కూర్చుని జొన్న రొట్టెలు తిన్నాం. మల్లీశ్వరి నాతో మాట్లాడలేదు. అమ్మతో మాట్లాడింది.

జూలై 8, మంగళవారం

ఈరయ్య సార్ దగ్గరికి వెళ్లాను. పొద్దున్నే ఇంటికి. ఆయన వాకిట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నారు. మల్లీశ్వరి మేడం మన ఊరామే, ఆమె పాఠం చెప్పిన పిల్లలు ఊరంతా ఉన్నారు, నా క్లాసుల్లో కొన్ని తగ్గించి అయినా ఆమెను ఉంచండి అన్నాను. గడగడా చెప్పాను. దారంతా అనుకుంటూ వచ్చాను కదా.

ఆయన నోరు కడుక్కుని వచ్చి కుర్చీ చూపించారు.

"గా రోజు అడిగితిని గద మేడం. మీరొక్క మాట అంటే నేను ఆగుతుండె. నాకు గూడ మనసొప్పలే. ఇప్పుడు వీరేశ్‌కు మాటిచ్చిన. వాళ్ల అమ్మానాయిన పట్నంల ఇటుకలు మోస్తున్నరు. కొడుకు లెక్చరర్ అయిండని వాళ్ల ఊర్ల మైసమ్మకు మొక్కు చెల్లించిండ్రు. ఇగ నేను పోయి ఏం చెప్పాలె?"

చాయ్ ఇచ్చారు, తాగి వచ్చాను.

జూలై 9

ఏమీ అనిపించలేదు అని జూన్‌లో రాసుకున్నాను. అనిపించింది.

జూలై 14, సోమవారం

వీరేశ్ స్టాఫ్‌రూమ్‌కు వచ్చాడు. కొత్త చొక్కా. మల్లీశ్వరి కుర్చీలో కూర్చోకుండా గోడ పక్కన నిలబడ్డాడు. "మేడం, గది మల్లీశ్వరి మేడం పోస్టని నాకు ఎరుక లేదు. అప్లికేషన్ పెట్టుమన్నరు, పెట్టిన," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. డిగ్రీ మొదటి ఏడాది ఇంగ్లీషులో పాఠం చదవమంటే ఇలాగే నిలబడేవాడు.

కూర్చోమన్నాను. కుర్చీ పిల్లలది, మనది కాదు అన్నాను. అది పెద్ద మాటలా వినిపించింది, నాకే నచ్చలేదు.

కూర్చున్నాక, "మల్లీశ్వరి మేడమే ఫోన్ చేసింది నాకు," అన్నాడు. "రెండో సంవత్సరం పోరగాండ్లకు సాలార్ జంగ్ దాక అయింది, ఆడికెళ్లి మొదలువెట్టు అన్నది. ఇంకేం అనలే."

జూలై 20, ఆదివారం

మల్లీశ్వరి ఇంటికి వెళ్లాను. ఈసారి నేను. పాప తలుపు తీసి, "అవ్వా, సలోమి అత్త వచ్చింది," అని లోపలున్న తల్లికి కన్నడంలో కేక వేసి, నాతో తెలుగులో కూర్చోమంది. ఆ పిల్లకు ఏ మాట ఎవరికో వెతుక్కోవాల్సిన పని లేదు.

మల్లీశ్వరి పెసరపప్పు చెరుగుతోంది. నేనూ చాట తీసుకున్నాను. క్షమించమని అడగాలని వెళ్లాను. అడిగాను. ఆమె రాళ్లు ఏరుతూ విన్నది.

"నాకు కోపం పోలే అక్కా. పోయినట్టు చేయ చేతగాదు."

"పోవాలని అంటలేను."

"మరి వ్యాసం ఏం చేసినవ్?"

చివరి పేజీ తీసేశానని చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

అప్పటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఆ ఇద్దరే తీసిన, పరలోకంలో కోర్టు జరిగే ఇంకో సినిమా గురించి ఆమె చెప్పింది, నేను రాశాను. అందులో ఒక ఇంగ్లీషు వైమానికుడు బతకాలా చావాలా అని పైన విచారణ జరుగుతుంది. జ్యూరీలో ఇంగ్లండ్ మీద పాత కోపాలున్న జాతుల వాళ్లను కూర్చోబెడతారు. మనవాడూ ఒకడుంటాడు. అభ్యంతరం వస్తుంది. అప్పుడు జ్యూరీ మొత్తాన్ని మార్చి అమెరికన్లను పెడతారు. చూస్తే మొహాలు అవే, దేశం మాత్రం వేరే.

"నవ్వొస్తది గని, హంగేరీ ఆయనకు అది నవ్వులాట గాదు," అంది మల్లీశ్వరి. "ఒక్క మొహం మీద ఎన్ని దేశాలు రాస్తరో ఆయనకు ఎరుకే. అందుకే ఆయన సినిమాలల్ల ఇంగ్లండ్ అంటే పుట్టిన జాగ గాదు. పక్కనోని కోసం నిలబడ్డోడు ఎవడైతే వాడు ఇంగ్లీషోడు. గా జర్మన్ ముసలోడు అధికారి ముంగట కూసున్నప్పుడు ఎవరొచ్చి నా మనిషి అని చెప్పిండ్రు?"

"ఇంగ్లీషు దోస్తు."

"వచ్చి చెప్పిండు గద."

చాట దగ్గరికి లాక్కుని మళ్లీ రాళ్లు ఏరాను. ఆమె నన్ను అనాలని అనలేదు. సినిమా గురించే అంది. అందుకే ఇంకా లోతుగా దిగింది.

జూలై 21

అమ్మ ప్రశ్నను వ్యాసం మొదట్లో పెట్టాం. వాళ్లు పోయాక దవాఖాన ఎవరు నడిపారు? అక్కడ మొదలుపెడితే మిగతాదంతా దానంతట అదే కుదిరింది. దేశం గురించి అంత ఇదిగా సినిమాలు తీసిన ఇద్దరికీ, ఉండిపోయినవాళ్ల మొహాలు మాత్రం అద్దం మీది కొండల్లా దూరంగానే ఉండిపోయాయి. ఇంగ్లండ్‌లో పరాయివాడి బాధ అంత తెలిసిన మనిషికి ఆ కొండ మీది పల్లెవాళ్ల బాధ కనబడలేదు. ఆయన్ను ప్రేమిస్తూనే ఈ మాట రాశాం. మల్లీశ్వరి "రాయి, ఆయనేమనుకోడు" అంది.

ఆగస్టు 3

ఆమెకు బీదర్‌లో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. సెప్టెంబర్ ఒకటి నుంచి. రోజూ పోయి రావాలి. ఇంటర్వ్యూలో, "తెలంగాణ నుంచి రోజూ ఎట్లొస్తరు మేడం, మన దగ్గర లోకల్ వాళ్లు లేరా ఏంది" అని ఒకాయన అన్నాడట. "నేను పుట్టింది ఈ జిల్లాలనే, ఔరాద్ తాలూకా," అని ఈమె చెబితే, "మాట తెలుగు లెక్కుంది," అన్నాడట. ఫోన్‌లో చెబుతూ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆగస్టు 23, శనివారం

హైదరాబాద్. సదస్సు. కార్యక్రమ పత్రంలో ఆమె పేరు ఇంకా మల్లేశ్వరి అనే ఉంది. ఆమె పెన్ను తీసి తన ప్రతిలో దిద్దుకుంది, తర్వాత పక్క కుర్చీలో పెద్దాయన ప్రతి అడిగి తీసుకుని అందులోనూ దిద్దింది.

సగం నేను చదివాను, సగం ఆమె. ఆమె చదివేటప్పుడు వెనక వరుసలో మాటలు ఆగాయి. అమ్మ ప్రశ్న దగ్గర ఎవరో పెద్దగా "హా" అన్నారు. చివర మా కొత్త వాక్యం ఆమె చదవాలి: "ఒక మనిషి ఎక్కడివాడో చెప్పాల్సిన పని ఆ మనిషి ఒక్కడిదే కాదు, అతని పక్కన కూర్చున్నవాడిది కూడా." చదివి నీళ్లు తాగింది.

చప్పట్లయ్యాక అధ్యక్షత వహించిన ప్రొఫెసర్ లేచారు. పెద్ద మనిషి, మనసారా మెచ్చుకున్నారు. "మీరిద్దరూ సరిహద్దు నుంచి, అంచుల నుంచి వచ్చినవాళ్లు కాబట్టే ఇంత కొత్తగా చూడగలిగారు," అన్నారు.

నేను మల్లీశ్వరి వైపు చూడకూడదని గట్టిగా అనుకున్నాను. ఆమె కూడా అదే అనుకున్నట్టుంది. చూసుకున్నాం. ఇంక ఆగలేదు. వేదిక మీద కూర్చుని ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, ఆయన తనేదో హాస్యం చెప్పాననుకుని ఆయనా నవ్వారు.

ఎన్ని నెలలైంది ఆమెతో కలిసి నవ్వి.

ఆగస్టు 24

తిరుగు బస్సులో సంగారెడ్డి దాటేదాకా నిద్రపోయింది. లేచి, "నాకు ఇంక కొంచెం ఉన్నది," అంది. కోపం సంగతి. తెలుసన్నాను.

సెప్టెంబర్ 1, సోమవారం

సెలవు పెట్టి ఆమెతో వెళ్లాను. రమ్మనలేదు, వద్దనలేదు. పొద్దున బస్టాండ్‌లో నాగేశ్ దింపి టిఫిన్ డబ్బా చేతికిచ్చి వెళ్లాడు. సరిహద్దు దాకా మన బస్సు. ఆధార్ చూపించాం, ఆడవాళ్లకు ఉచితం కదా, సున్నా టికెట్లు ఇచ్చారు. రెండు పక్కలా కంది చేలు. వాన బాగా పడింది ఈసారి.

సరిహద్దు దగ్గర దిగి కర్ణాటక బస్సు ఎక్కాం. అక్కడా ఆడవాళ్లకు ఉచితమే, వాళ్ల రాష్ట్రం వాళ్లకు. కండక్టర్ కాస్త వయసు మనిషి. మల్లీశ్వరి కన్నడంలో బీదర్ అంది. ఆయన సున్నా టికెట్ కొట్టబోతూ కార్డు అడిగాడు. ఇచ్చింది. పెళ్లయ్యాక అడ్రసు నారాయణఖేడ్‌కు మార్చుకున్న కార్డు. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

"ఇదు తెలంగాణదు ఐతల్రీ అవ్వా. కన్నడ నోడిద్రె నమ్మోరంగ మాతాడ్తీరి. యావూర్రీ నిమ్దు?"

ఇది తెలంగాణ కార్డు కదా, మాట చూస్తే మా వాళ్లలా మాట్లాడుతున్నారు, ఇంతకీ మీదే ఊరు అని. బస్సులో వాళ్లు ఒకరిద్దరు తిరిగి చూశారు. ఏ ప్రశ్నకైనా ఠక్కున జవాబిచ్చే మల్లీశ్వరి ఈసారి ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆయన కార్డు పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. అలసిపోయిందని నాకు అర్థమైంది. ఎన్నిసార్లు చెప్పాలి ఒక మనిషి.

"ఇబ్బర్దూ నారాయణఖేడ్," అన్నాను. ఇద్దరిదీ. నాకొచ్చిన కన్నడం అంతే. చాలదేమోనని తెలుగులో కూడా అన్నాను. "ఈమెది మా ఊరే."

"హంగాద్రె ఇబ్బరూ టికెట్ తగోరి," అన్నాడు కండక్టర్. అలాగైతే ఇద్దరూ టికెట్ తీసుకోండి అని. కార్డు తిరిగిచ్చేశాడు. ఆయనకు అంతకన్నా పట్టింపు లేదు.

మల్లీశ్వరి కిటికీ నుంచి ఇటు తిరిగింది.

"గీ మాట జూన్‌ల అనాల్సుండె అక్కా," అంది.

"అవును," అన్నాను.

పర్సు తీసింది. నేను డబ్బులు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపి, రెండు టికెట్లూ తనే తీసుకుంది.